ఆదివారం తోముడు

అన్సెల్మో హిరాల్దో మోటారుసైకిల్ని తుడిచేవాడు కాదు, తోమేవాడు. ఈ రెంటికీ తేడా తెలియాలంటే ఆదివారం చర్చి నుంచి వచ్చాక అతని వసారాలో ఓ గంట కూర్చోవాలి. ముందు స్పార్క్ ప్లగ్గు విప్పి, ఇత్తడి బ్రష్షుతో మసి గీకి, నోటితో ఉఫ్ఫుమని ఊది మళ్ళీ బిగిస్తాడు. గొలుసుకి నూనె పూస్తాడు, క్లచ్ తీగకి రెండు చుక్కలు వేస్తాడు, ఆయిలు ఎంతుందో వంగి చూస్తాడు. ఇదంతా పావుగంట పని. మిగతా ముప్పావుగంటా ఇంజనుకే. కాఫీ కట్టెల బూడిద జల్లించి, అందులో నిమ్మకాయ పిండి, పాత బనీను గుడ్డతో ఆ అల్యూమినియం ఒంటిని సందుసందునా రుద్దుతాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఒక్క ఆదివారం తప్పలేదు. జ్వరం వచ్చినప్పుడు కుర్చీలో కూర్చుని తోమాడట.

"నా వీపు ఎప్పుడన్నా అంత శ్రద్ధగా తోమావా?" అనేది భార్య రూబియేలా.

"నీకు తుప్పు పట్టదు కదే."

"ఎందుకు పట్టదు? నీతో కాపరం చేసీ చేసీ ఎప్పుడో పట్టింది."

పసుపు రంగు ట్యాంకు కాబట్టి దానికి లా మోనా అని పేరు పెట్టాడు. బంగారుజుట్టు పిల్ల అన్నమాట. రెండు స్ట్రోకుల పాత బండి. దాన్నిచ్చినవాడు తూలియో, అన్సెల్మో పెద్దకూతురికి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి, ప్రాణస్నేహితుడు. ఆ వరసకి ఇద్దరూ ఒకర్నొకరు కొంపాద్రె అని పిలుచుకునేవాళ్ళు. పోయి తొమ్మిదేళ్ళయింది. బండి చేతికిస్తూ తూలియో అన్న మాట అన్సెల్మోకి ఇప్పటికీ నోటికొచ్చు: "దీని కాగితాల్లో ఒక్క ముక్క అబద్ధం లేదు, కొంపాద్రె."

అన్సెల్మో పని కాఫీపళ్ళ తొక్క తీసే యంత్రాలు బాగుచెయ్యడం. అక్టోబరు కోతల్లో అతనికి తిండి తినే తీరిక ఉండదు. కోసిన పండు ఆ రోజే తొక్క తీయాలి, మర్నాటికి పులిసి పాడవుతుంది. కొండ మీద ఎక్కడ యంత్రం ఆగినా లా మోనా ఎక్కాల్సిందే. రాళ్ళదారి ఎక్కుడులో ఒకటో గేరు. దిగుడులో కూడా మధ్యమధ్య కాస్త రేజివ్వాలి, లేకపోతే ఆయిలందక పిస్టను పట్టేస్తుంది. ఆ సంగతి అన్సెల్మో కుడిచేతికి తెలుసు, తలకి చెప్పాల్సిన పని లేదు.

అలాంటి కోతల్లో, ఒక సోమవారం పొద్దున, వంతెన దగ్గర ఫెర్నెయ్ అనే కొత్త పోలీసు చెయ్యెత్తి ఆపాడు. పాత పోలీసులైతే "ఎలా ఉన్నావు దోన్ అన్సెల్మో" అని గౌరవంగా పలకరించి వదిలేసేవాళ్ళు. ఇతనికి ఊరు కొత్త, ఉద్యోగం కొత్త, బూటు కూడా కొత్తదే. కాగితాలు తీసుకుని, చట్రం నంబరు సరిచూసి, ఇంజను పక్కన గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు.

"పెద్దాయనా, ఇందులో నా ముఖం కనబడుతోంది. ఇంజను నంబరు మాత్రం కనబడట్లేదు."

"అక్కడే ఉంటుంది బాబూ, సరిగ్గా చూడు. కిక్ రాడ్డుకి పైన."

"నువ్వే చూడు."

అన్సెల్మో వంగి చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. వేలితో తడిమాడు. ఉండాల్సిన చోట వెండి పళ్ళెంలా నున్నగా ఉంది. చట్టం ప్రకారం హెల్మెట్ వెనక బండి నంబరుంది, చొక్కా మీద తొడుక్కున్న కోటు వెనక నంబరుంది, నంబరుప్లేటు మీద నంబరుంది. ఇంజను మీద ఉండాల్సిన దాని సొంత నంబరు మాత్రం లేదు. ఏటేటా జరిగే పరీక్షలో పొగా బ్రేకులూ దీపాలే చూశారు గాని, ఎవరూ అక్కడిదాకా వంగలేదు. అన్సెల్మో అయినా ఏనాడూ చదవలేదు, తోమాడంతే.

"నేనే చెరిపేశాను," అన్నాడు.

అనకూడని మాట అది. పోలీసు ఠక్కున లేచాడు.

"చెరిపావా?"

"అంటే... తోమాను బాబూ. బూడిదతో."

"బూడిదతో!" ఫెర్నెయ్ నవ్వలేదు. "నంబరు చెరిపేసిన ఇంజనంటే దొంగ ఇంజననే అర్థం. నీ మీద నాకేం కోపం లేదు. గురువారం పెరెయిరా నగరం నుంచి నిపుణురాలు వస్తారు, ఆవిడ తేల్చాలి. కాగితంలో ఉన్న నంబరు బయటపడిందా, నీ బండి నీది. లేదా, ఇక మర్చిపో."

లా మోనాని స్టేషను వెనక బందెలదొడ్డి లాంటి జాగాలోకి తోసుకుపోయారు. చక్రాల్లేని బండ్ల మధ్య అది తళతళా మెరుస్తూ నిలబడింది. అన్సెల్మో పనిముట్ల సంచి భుజాన వేసుకుని నడవడం మొదలుపెట్టాడు.

బండి మీద అరగంట దారి నడిస్తే రెండున్నర గంటలు. అతను చేరేసరికి, ముందురోజు సాయంత్రం యంత్రం ఆగిన తోట యజమానురాలు దోన్యా ఎదిల్మా తొట్టిలో పళ్ళు పులుపెక్కి, చుట్టూ ఈగలు ముసిరాయి. ఆవిడ తిట్టాల్సింది పోయి బెల్లంనీళ్ళు ఇచ్చింది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. ఇంకో రెండు తోటలవాళ్ళు పక్క ఊరి మెకానిక్కుని పిలిపించుకున్నారని బుధవారానికి తెలిసింది. ఇలా నాలుగు వారాలు నడిస్తే ఇక తనని పిలిచేవాళ్ళుండరు. అరవై రెండేళ్ళ మోకాళ్ళు ఆ సంగతి రోజూ గుర్తుచేస్తున్నాయి.

అది చాలనట్టు, సెలూన్ నాచో ఒకడు.

"నిప్పు లేందే పొగ రాదు కదా అన్సెల్మో. తూలియో ఆ బండి ఎక్కణ్ణుంచి తెచ్చాడో నువ్వెప్పుడన్నా అడిగావా?"

"నోర్ముయ్. నీ బుగ్గ మీద కత్తిగాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో నేనడిగానా?"

గట్టిగానే అన్నాడు గాని ఆ ప్రశ్న ఇంటిదాకా వెంటబడింది. నిజమే, అడగలేదు. స్నేహితుడు ఇచ్చాడు, తీసుకున్నాడు. ఇంజను లోపల వేరే నంబరుంటే? అప్పుడు బండీ పోతుంది, తూలియో కూడా ఇంకోసారి పోతాడు. ఈ మాట భార్యతో చెప్పాడు.

"తూలియో మన పెళ్ళికి చెప్పిన టైముకి రాలేదు, అరువు తీసుకెళ్ళిన నిచ్చెన ఇవ్వలేదు," అంది రూబియేలా. "కానీ దొంగ మాత్రం కాదు. గురువారం నేనూ వస్తాను పద."

గురువారం నిపుణురాలు వచ్చింది. సార్జెంట్ నోహెమీ అట. పొట్టిమనిషి, తెల్ల చేతితొడుగులు, చేతిలో చిన్న సీసా. ఇంజను ముందు మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దంతో చూసింది.

"మేడమ్, అందులో ఇంకా ఏమన్నా మిగిలుంటుందా?" అన్సెల్మో అడిగాడు.

"నంబరు కొట్టినప్పుడు దెబ్బ లోపలిదాకా దిగుతుంది పెద్దాయనా. పైన అరిగినా లోపల గట్టిపడ్డ లోహం అలాగే ఉంటుంది. ఈ మందు దాన్ని లేపుతుంది. మరీ ఎక్కువ తోమకపోయి ఉంటే."

"ముప్ఫయ్యొక్క ఏళ్ళు తోమాడు," అంది రూబియేలా, సాయం చేస్తున్నట్టు.

సార్జెంట్ దూదితో మందు అద్దింది. లోహం నల్లబడింది. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ అద్దింది. నలుపులోంచి ఏదో గీత, దాని పక్కన ఇంకోటి, నీళ్ళ అడుగున నాణెంలా మసగ్గా.

"రెండు," అంది సార్జెంట్. కాగితం పట్టుకున్న ఫెర్నెయ్ తలూపాడు. "ఒకటి. ఏడు." మళ్ళీ తలూపాడు. "సున్నా. నాలుగు." అన్సెల్మో వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఇంకొక్కటి.

"మూడు."

ఫెర్నెయ్ తల ఊగలేదు. కాగితం వంక చూసి, అన్సెల్మో వంక చూశాడు. "ఇక్కడ ఎనిమిది ఉంది."

ఒక్క ముక్క అబద్ధం లేదు కొంపాద్రె, అన్న తూలియో గొంతు అన్సెల్మో చెవిలో వినపడింది. ఆ గొంతుని మొదటిసారి అనుమానించాడు. అనుమానించినందుకు సిగ్గుపడ్డాడు.

"ఇంకోసారి తడపండి మేడమ్," అంది రూబియేలా. "ఈయన కుడిచేతి వాటం. ఎడమవైపు ఎప్పుడూ గట్టిగా నొక్కి రుద్దుతాడు. నా గిన్నెలు కూడా అటే సొట్టలు."

సార్జెంట్ ఆమె వంక ఒకసారి చూసి, మళ్ళీ దూది ముంచింది. అందరూ వంగారు, నాలుగు తలలూ ఒకదానికొకటి తగిలేంత. మూడుకి ఎడమవైపు వెంట్రుకంత గీత లేచింది. వంగింది. కింద ఇంకోటి లేచింది. రెండూ వచ్చి మూడుని కలుపుకున్నాయి.

"ఎనిమిది," అంది సార్జెంట్.

అన్సెల్మో అక్కడే, ఆ నూనెమరకల నేల మీద కూలబడిపోయాడు. ప్రాణం లేచొచ్చింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలియక రెండూ కలిపి కానిచ్చాడు. ఫెర్నెయ్ గబగబా ఫోటోలు తీశాడు. అతనూ నవ్వుతున్నాడు, బాధ్యత దిగిపోయినవాడిలా.

"దొంగయితే ఆకురాయితో గీకుతాడు, అడ్డదిడ్డంగా గాట్లుంటాయి," అంది సార్జెంట్ చేతితొడుగులు విప్పుతూ. "ఇక్కడ ఒక్క గాటు లేదు. అదే నంబరు మళ్ళీ కొట్టడానికి కాగితం రాసిస్తాను. కానీ పెద్దాయనా, ఇక ఆ చోటు జోలికి మాత్రం వెళ్ళకు."

రూబియేలాని వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి బయల్దేరాడు. తూలియో ఉన్న శ్మశానం గేటు దగ్గర ఆగి, లోపలికి చూసి, రెండుసార్లు రేజిచ్చాడు. నాచో సెలూన్ ముందు మూడుసార్లు ఇచ్చాడు. నీలిపొగ అద్దాల్ని కమ్మేసింది.

కొత్తగా నంబరు కొట్టించాక వచ్చిన ఆదివారం మళ్ళీ వసారాలో బూడిద, నిమ్మకాయ, బనీను గుడ్డ. అంతా తోమాడు. కిక్ రాడ్డు పైకి వచ్చేసరికి చెయ్యి దానంతటది ముందుకెళ్ళింది. ఆపాడు. మళ్ళీ వెళ్ళింది. దురద పెట్టినవాడిలా కూర్చున్నాడు. వంటింట్లోంచి రూబియేలా వచ్చి, గొలుసు మీది నల్ల జిడ్డు వేలికి తీసుకుని, ఆ ఆరంకెల మీద ఇంత మందాన పులిమేసింది. పసిబిడ్డ బుగ్గన దిష్టిచుక్క పెట్టినట్టుంది.

"ఇక దీన్ని ముట్టుకున్నావంటే నీ చెయ్యి తోమేస్తాను," అంది.

సోమవారం వంతెన దగ్గర ఫెర్నెయ్ చెయ్యెత్తాడు. దోన్యా ఎదిల్మా యంత్రం మళ్ళీ ఆగిందట, అన్సెల్మో తొందరలో ఉన్నాడు. ఫెర్నెయ్ గొంతుక్కూర్చుని, ఆ నల్లమరకని చూసి, బొటనవేలితో తుడిచి, ఆరంకెలూ పైకే చదివాడు. సరిపోయాయి. లేవబోయి ఆగాడు. వేలికంటిన జిడ్డుని జాగ్రత్తగా మళ్ళీ అదే చోట పులిమాడు.

"వెళ్ళిరా దోన్ అన్సెల్మో," అన్నాడు.