సున్నా ఎడం

పదకొండు గంటలకు మేనేజరు కోదండపాణి కనీస దూరాన్ని సగానికి తగ్గిస్తాడు. వెంటనే గదిలో కుర్చీలన్నీ సగం దగ్గరికి జరుగుతాయి. ఎవరూ తల ఎత్తరు.

ఆ గదిలో చిప్పులకు నమూనాలు గీస్తారు. తీగకూ తీగకూ మధ్య కనీసం ఇంత ఎడం ఉండి తీరాలని ఫ్యాక్టరీ చెప్పిన హద్దు ఒకటి సాఫ్ట్‌వేర్‌లో రాసి ఉంటుంది. తీగలు అంతకన్నా దగ్గరైతే ఒకదానికొకటి అంటుకుని చిప్పు చెడిపోవచ్చు, అందుకే తెర మీద ఎర్ర గడి పడుతుంది. ఇవాళ నాలుగు వందల పన్నెండు గడులు పడ్డాయి. ఈ చిప్పు పసిపిల్లల ఊపిరి యంత్రంలోకి వెళ్తుంది, సాయంత్రానికల్లా ఫ్యాక్టరీకి పంపాలి. తీగలు సర్దాలంటే రెండు వారాలు పడుతుంది. హద్దు మార్చడానికి ఒక వేలు చాలు. కోదండపాణి పదిహేనేళ్ల అనుభవమంతా ఆ వేలిలోనే ఉంది.

"వింధ్యావళి గారూ, చూశారా? రెండొందల తప్పులు ఎగిరిపోయాయి."

పదకొండేళ్లుగా తీగలు గీస్తున్న వింధ్యావళి, చెప్పుకి అంటిన బురదను చూసినట్టు అతన్ని చూస్తుంది.

"తప్పులు ఎక్కడికీ పోలేదు సర్. మనం చూడ్డం మానేశాం."

"పోవడమంటే అదే కదండీ."

హద్దు ఇంకా తగ్గుతుంది. పక్క కుర్చీలోని సులేమాన్ భుజం ఆమె భుజానికి ఆనుతుంది. దగ్గు అతనికి వస్తుంది, ఆమె నోట్లోంచి వెలువడుతుంది. "సారీ అక్కా" అని అతను అనబోతాడు. ఆ మాట కిటికీ దగ్గర ఇంకెవరి నోట్లోనో పలుకుతుంది.

కోదండపాణి సున్నా కొడతాడు. పన్నెండు మందీ కలిసి ఒకే పొడుగాటి చొక్కాలో ఉంటారు. "అవును సర్" అంటాయి పన్నెండు నోళ్లు. నిన్న కూడా ఇదే అన్నాయి, కాకపోతే నిన్న చొక్కాలు వేరు. వింధ్యావళి భుజం దగ్గర కుట్లు పుటుక్కున తెంపుకుని లేస్తుంది.

"సంతకం పెట్టండమ్మా. రిపోర్టు కడిగిన ముత్యంలా ఉంది."

ఆమె ఎవరి గడ్డం కిందనుంచో కీబోర్డు లాక్కుని, ఫ్యాక్టరీ చెప్పిన హద్దునే మళ్లీ రాసి, తనిఖీ నడుపుతుంది. ఎర్ర గడులు ఈసారి మనుషుల మీద పడతాయి. కోదండపాణి నుదుటి మీద ఒకటి పడుతుంది. రుమాలుతో తుడిచినా పోదు.

"దీన్ని మాఫీ చేసెయ్యండి."

"మాఫీకి కారణం రాయాలి సర్."

"తొందర అని రాయండి."

"అది కారణం కాదు సర్, జబ్బు."

చొక్కా పన్నెండు ముక్కలవుతుంది. అందరూ ఎవరి ఎడంలో వాళ్లు నిలబడతారు. ఎడం చాలక కోదండపాణి అద్దాల గోడలోంచి జరిగి, ఐదో అంతస్తు బయట గాలిలో ఆగుతాడు. అక్కణ్ణుంచి కూడా గడువు గురించే చెబుతుంటాడు.

ఒక గడి వింధ్యావళి కుడి చేతి మీద ఉంది. మూడేళ్ల కిందట ఆ చేయి ఇలాంటి రిపోర్టు మీదే సంతకం పెట్టింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇందాకటి నుంచి అతని మీద ఉన్న ఏవగింపు ఇప్పుడు మణికట్టు దాకా పాకుతుంది. ఆమె దాన్ని మాఫీ చెయ్యదు. ఎడమ చేత్తో "పంపకూడదు" అని టైపు చేసి ఫైలు మూసేస్తుంది.

కుడి చేయి ఆమె నుంచి ఉండాల్సినంత దూరం జరుగుతుంది. లిఫ్టు దిగి రోడ్డు మీదికి వెళ్లి, తారును చాపలా చుట్టేస్తుంది. కింద సముద్రం ఉంది. నీళ్ల మీద గేదెలు బారులు తీరి నిలబడి ఉన్నాయి. చేయి ఒక్కో గేదె కొమ్ముకూ పక్కదాని కొమ్ముకూ మధ్య జాన పెట్టి కొలుస్తుంది. ఎడం సరిపోయిన ప్రతి గేదె కళ్లు మూసుకుని, మెల్లగా, దీపంలా వెలుగుతుంది.