పరీక్షకు సెలవు లేదు

వెర్లీన్ ముసలి ఎస్టిల్‌కు చెంచాతో జావ పెడుతుండగానే మూడు గదుల్లో గంటలు మోగుతున్నాయి. ఆ వృద్ధాశ్రమంలో పొద్దుటి షిఫ్టుకు నలుగురు ఆయాలు ఉండాలి. ఇద్దరే వచ్చారు. ఎస్టిల్ బొగ్గుగనిలో ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాడు. తొందరపెడితే జావ గొంతుకు అడ్డం పడుతుంది. అందుకని ఆమె గంటల వైపు చెవి పెట్టకుండా అతని గొంతు కదలికనే చూస్తోంది.

మేనేజరు హార్గిస్ గుమ్మంలో నిలబడ్డాడు. "శుక్రవారం పొద్దుటి షిఫ్టుకు మార్చాను నిన్ను."

"శుక్రవారం పొద్దున నాకు పరీక్ష ఉంది సార్. మధ్యాహ్నం షిఫ్టు వేయమని నెల కిందటే అడిగాను. సరేనన్నారు."

"అప్పుడన్నాను. ఇప్పుడు మనుషుల్లేరు."

"మనుషులు ఎప్పుడున్నారు సార్?"

హార్గిస్ నవ్వాడు. "చూడమ్మా, చదువుకోవద్దని ఎవరన్నారు? కంపెనీయే చదివిస్తానంటోంది కదా. ఆన్‌లైన్ కోర్సులో చేరు. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు, సెలవు అడుక్కోనక్కర్లేదు. అది చదువు. నువ్వు చేసేది జూదం."

వెర్లీన్ చెంచా కింద పెట్టలేదు. "ఆలోచిస్తా సార్," అంది. అది అబద్ధం. ఆమె ఆలోచించడం ఎప్పుడో అయిపోయింది.

నలభై ఏళ్ళు దాటాక ఆమెకు నర్సు కావాలని బుద్ధి పుట్టింది. కొండ దిగితే వచ్చే ప్రభుత్వ కాలేజీలో నర్సింగులో చేరాలంటే ముందు కొన్ని సబ్జెక్టులు పూర్తిచేసినట్టు క్రెడిట్లు చేతిలో ఉండాలి. అవి రెండు దారుల్లో వస్తాయి. ఒకటి, ఆన్‌లైన్ కోర్సు. వారం వారం పాఠాలు, ప్రశ్నలు, చర్చలు. ఆశ్రమాన్ని నడిపే కంపెనీ తనకు ఒప్పందమున్న కాలేజీలోనైతే ఫీజు కడుతుంది. కానీ కోర్సు ముగిసిన రోజు నుంచి రెండేళ్ళు ఇక్కడే పనిచేయాలి. ఈలోగా మానేస్తే ఫీజంతా తిరిగి కట్టాలి. ఇంకో కోర్సు తీసుకుంటే రెండేళ్ళ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. రెండోది, పరీక్ష. లైబ్రరీ పుస్తకం తెచ్చుకుని చదువుకోవడం, ఒక పూట వెళ్ళి కంప్యూటరు ముందు రాసి రావడం. పాసైతే అదే క్రెడిటు. ఖర్చు దాదాపు ఒక రోజు జీతం, అది తనదే. తప్పితే ఆ డబ్బు పోయినట్టే, మూడు నెలలు ఆగాలి. శరీరశాస్త్రానికి ఈ పరీక్ష లేదు, దానికి ఎలాగూ తరగతికి వెళ్ళాల్సిందే. మిగతావైనా కంపెనీకి కట్టుబడకుండా గట్టెక్కాలని ఆమె మనస్తత్వశాస్త్రంతో మొదలుపెట్టింది.

ఈ సంగతి అందరికంటే ఎక్కువ ఒళ్ళు మండించింది ఒనైడాకు. ఒనైడా వెర్లీన్ అన్న భార్య. మూడేళ్ళుగా కంపెనీ కోర్సులు చేస్తోంది. దుప్పట్ల గదిలో దొరకబుచ్చుకుని నిలదీసింది.

"శుక్రవారం రానన్నావంట? నీ షిఫ్టు ఎవరి నెత్తిన పడుతుందనుకున్నావే? రాత్రంతా చాకిరీ చేసి, పొద్దున కూడా నేనే ఉండాలి."

"నీకు పడేలా నేను చేయలేదు వదినా. హార్గిస్ చేశాడు."

"పదో తరగతి దగ్గర బడి మానేసినదానివి. నీకెందుకే పరీక్షలు?"

"నీ కోర్సుల్లో నువ్వేం నేర్చుకున్నావో చెప్పు. వారం వారం 'మీరు చెప్పింది నిజమే' అని నలుగురికి జవాబు రాయడమేగా?"

ఒనైడా చేతిలోని దుప్పట్లు బండిలోకి విసిరికొట్టింది. "అవునే, అదే రాస్తా. కానీ చరిత్ర చెప్పినావిడ నేను రాసినదానికి రెండు పేజీల జవాబు రాసింది, తెలుసా? మా నాన్న చేసిన సమ్మె గురించి రాశాను. జన్మలో నన్నెవరూ అంత అడగలేదు. నన్ను ఎవరో ఒకరు వెనకనుంచి తోస్తే తప్ప నేను చదవలేను. నీలా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చోలేను. నువ్వు ఒక్క పూటలో పాసైపోతే, నేను మూడేళ్ళు ఇక్కడ పడుండింది దేనికే?"

వెర్లీన్ వదినె ముఖం చూడకుండా దుప్పట్లు మడతపెట్టింది.

శుక్రవారం ఆమె పరీక్షకే వెళ్ళింది. దారి పొడవునా ఫోను మోగుతూనే ఉంది. తీయలేదు. పరీక్ష గదిలో పక్కన కూర్చున్న పిల్లలంతా ఆమె కూతురి వయసువాళ్ళు. మొదటి ప్రశ్నలు తెలిసినవే. సగం దాటాక ప్రయోగాలు, అంకెలు, సగటులు వచ్చాయి. ఆ అధ్యాయాన్ని డ్యూటీ ముగించి వచ్చి, నిద్రకళ్ళతో చదివింది. ఒక్కొక్క ప్రశ్న మీద ఎక్కువసేపు కూర్చుంది. చివరివి ఊహించి నొక్కింది.

తెర మీద మార్కు అప్పటికప్పుడే వచ్చింది. నలభై ఏడు. పాసవడానికి యాభై రావాలి.

కారులో కూర్చుని ఆమె ఏడవలేదు. తన మీద తనకే కోపం వచ్చింది, హార్గిస్ మీద కోపం వచ్చింది, ఆ చివరి ప్రశ్నల మీద కోపం వచ్చింది. తర్వాత కారు తిప్పి, మొదట అనుకున్న మధ్యాహ్నం వేళకే పనికి వెళ్ళింది.

ఒనైడా ఇంకా అక్కడే ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి, జుట్టు రేగిపోయింది. హార్గిస్ నర్సుల బల్ల దగ్గర ఇద్దరు ఆయాల ముందు నిలబడి అడిగాడు.

"ఏమైంది పరీక్ష?"

"పోయింది," అంది వెర్లీన్.

"నేను ముందే చెప్పాను." ఆ మాటలో అతనికి ఎంత హాయిగా ఉందో అందరికీ తెలుస్తోంది. "పొద్దున రానందుకు గైర్హాజరు రాశాను. ఇది రెండోది. మూడోదైతే ఇంటికే. అయినా నేను చెడ్డవాణ్ణి కాను. ఇవాళే కోర్సుకు సంతకం పెట్టు, ఆ గైర్హాజరు కొట్టేస్తా. సోమవారం నుంచి చదువు మొదలు."

"వద్దు సార్."

"ఏంటి?"

"మూడు నెలలాగి మళ్ళీ రాస్తాను."

హార్గిస్ ముఖం బిగుసుకుంది. ఒనైడా వైపు తిరిగాడు. "నీ ఆడపడుచే కదా, నువ్వైనా చెప్పు. మూడేళ్ళుగా చేస్తున్నావు. కోర్సు ఎంత మంచిదో, కంపెనీ నిన్ను ఎంత బాగా చూసుకుందో చెప్పు."

ఒనైడా బల్లను ఆనుకుని నిలబడింది. రాత్రి పది నుంచి కూర్చోలేదు. ఈ క్షణం కోసమే కాచుకుని ఉన్నట్టు వెర్లీన్ వైపు చూసింది. వెర్లీన్ తల దించుకుంది. వదినె ఏమన్నా పడాలనుకుంది.

"నేను చెప్పను," అంది ఒనైడా.

"చెప్పవా?"

"కోర్సు మంచిదే. రెండేళ్ళు కట్టేయడం మంచిదని మాత్రం నా నోటితో చెప్పించకండి సార్. దానికి నేను పెట్టిన సంతకం చాలు."

హార్గిస్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "మీ ఇద్దరి షిఫ్టుల సంగతి నేను చూసుకుంటా," అని తన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. వచ్చే నెల డ్యూటీలు ఎలా ఉంటాయో వాళ్ళకు అప్పుడే తెలిసిపోయింది.

ఆరో గదిలో గంట మోగింది. మంచం తడిపేసుకున్న ముసలావిడ పిలుస్తోంది. ఒనైడా డ్యూటీ అయిపోయింది. వెళ్ళిపోవచ్చు. ఆమె కోటు తీసుకోబోయి, ఆగి, వెర్లీన్ వెనకే ఆ గదిలోకి నడిచింది.

"వదినా..."

"మాట్లాడకు. నిన్ను చూస్తే నాకింకా ఒళ్ళు మండుతోంది," అంది ఒనైడా. "ఆవిడ బరువు నీ ఒక్కదాని వల్ల కాదు. అటువైపు పట్టుకో."