అంతా ఒరిజినల్

నేను ఒక అబద్ధాల కారుని. ఈ మాట నాది కాదు, హైదరాబాదు నుంచి నన్ను పరీక్ష చెయ్యడానికి వచ్చిన చక్రవర్తి గారిది. అరగంటసేపు నా బానెట్‌లో తల దూర్చి, ముక్కుకి మసి పూసుకుని పైకి లేచి, నా మొహం మీదే అన్నాడు. అరవై ఏళ్ళలో నన్ను చాలామంది తిట్టారు. వానలో తోసినవాళ్ళు తిట్టారు, ఎండలో ఆగిపోతే ఎక్కినవాళ్ళు తిట్టారు. అబద్ధం అన్నవాడు మాత్రం ఇతనొక్కడే.

నేను పుట్టింది ఇంగ్లండులో, రెండో ప్రపంచ యుద్ధానికి రెండేళ్ళ ముందు. కంపెనీ పేరు వార్‌బ్రిక్. యుద్ధం రాగానే మా వాళ్ళు కార్లు మానేసి తుపాకీ గుళ్ళకి పెట్టెలు చేశారు. యుద్ధం అయ్యాక ఏమీ చెయ్యకుండానే మూసేశారు. అప్పటికే నేను ఓడెక్కి మద్రాసుకీ, రైలెక్కి కాకినాడకీ వచ్చి, ప్లీడరు ఓలేటి గంగాధరరావు గారి వాకిట్లో నిలబడి ఉన్నాను. వార్‌బ్రిక్ అనే పేరు కాకినాడ నోటికి పట్టలేదు. వారం తిరక్కుండా నేను ‘పిరికి కారు’ని అయ్యాను. అసలు పిరికితనం ప్లీడరు గారిది. కోర్టులో బల్ల గుద్ది మాట్లాడే మనిషి, నా వెనక సీట్లో కూర్చుంటే మాత్రం తలుపు పట్టీని రెండు చేతులా పట్టుకుని, మలుపు మలుపుకీ కళ్ళు మూసుకునేవారు.

తర్వాత టూరింగ్ టాకీసు పిల్లా సత్తిరాజు గారు నన్ను కొన్నారు. వెనక సీటు పీకించి సినిమా రీళ్ళ పెట్టెలు ఎక్కించారు. ఆయన హయాంలోనే ఒక రోజు పిఠాపురం దారిలో నా నీళ్ళ పంపు విరిగింది. సామాను కోసం మద్రాసుకి రాస్తే, అలాంటి కంపెనీ ఇప్పుడు లేదని జవాబు వచ్చింది. నేను అనాథనని నాకు తెలిసింది ఆ ఉత్తరం వల్లే.

అప్పుడు వచ్చాడు కాసిం. ఇరవై ఏళ్ళ మెకానిక్కు. విరిగిన పంపును చేతిలో అటూ ఇటూ తిప్పాడు, వాసన చూశాడు, తడి మట్టిలో ఒత్తి అచ్చు తీసి ఎండబెట్టాడు. రెండు ఇత్తడి చెంబులు కరిగించి అందులో పోశాడు. చల్లారాక మూడు రోజులు ఆకురాయితో అరగదీసి నాకు బిగించాడు. లోపల ఎక్కడో ఒక చిన్న ‘కా’ అక్షరం పొడిచాడు. నీళ్ళు తిరిగాయి. ఆ రోజు మొదలు నాలో ఏది పోయినా కాసిం చేతిలోంచే తిరిగి వచ్చేది. టాకీసు మూతబడ్డాక సత్తిరాజు గారు, “నీ చేతిలో బతికిన బండి, నువ్వే ఉంచుకో కాసిం” అని నన్ను అతని షెడ్డులో వదిలేశారు.

కాసిం కూతురు షమీమ్ నా చక్రాల మధ్య పాకుతూ పెరిగింది. పన్నెండేళ్ళకే స్క్రూడ్రైవరు కొన నాకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని నా రోగం చెప్పేది. కిందటేడు కాసిం పోయాడు. షెడ్డు షమీమ్ చేతికి వచ్చింది. ఈ ఏడు ఆమెకి పెళ్ళయింది. మొగుడు ఇంతియాజ్ కామర్సు లెక్చరరు. స్పానరుకీ పట్టకారుకీ తేడా తెలియదు గానీ, రోజూ కాలేజీ నుంచి నేరుగా షెడ్డుకి వచ్చి, మిరపకాయ బజ్జీల పొట్లం నా డాష్‌బోర్డు మీద విప్పేవాడు. ఇద్దరూ ముందు సీట్లో కూర్చుని, కదలని బండిలో అన్నవరం వెళ్ళొచ్చేవారు. “తుని వచ్చేసింది, దిగుదామా?” అనేవాడు. “అన్నవరం దాటిపోయాం, వెనక్కి తిప్పండి!” అని ఆమె విరగబడి నవ్వేది. నా సీటు తోలుకి బజ్జీ నూనె అంటింది. నేనేమీ అనుకోలేదు.

ఇంతలో షెడ్డు ముందున్న వంతెన రోడ్డు వెడల్పు చేస్తున్నారని కబురు వచ్చింది. వచ్చే నెల మొదటి సోమవారానికల్లా షెడ్డు ఖాళీ చెయ్యాలి. షమీమ్ కొత్త కొట్టు గజాలపేటలో దొరికింది. అందులో ఒక స్కూటరు పెడితే మనిషి పక్కకి జరగాలి. వాళ్ళ అద్దె వాటా వాకిలి నా ముందు చక్రాలకే సరిపోదు. బయట వానలో పెడితే నేను ఏడాదికి మించి ఉండను. షమీమ్ నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. అయిదో రోజు ఇంతియాజ్‌ని కూర్చోబెట్టి ఇంగ్లీషు పేపరుకి ప్రకటన రాయించింది. యుద్ధానికి ముందు కారు, నడుస్తున్న స్థితి. “అంతా ఒరిజినల్ అని కూడా రాయండి” అంది. రాశాడు. ముచ్చట తీరక కింద గీత కూడా గీశాడు.

ఆ ఒక్క మాట పట్టుకునే చక్రవర్తి హైదరాబాదు నుంచి దిగాడు. పాత కార్లు వరసగా నిలబెట్టుకునే ఒక పెద్దమనిషి దగ్గర ఉద్యోగం. ఆయన దగ్గర ఇంకొక వార్‌బ్రిక్ ఉందట. చేతిలో టార్చి, గుడ్డలో చుట్టిన అయస్కాంతం, అట్ట మీద కాగితం. వస్తూనే షమీమ్‌ని చూసి, “మెకానిక్ ఎక్కడమ్మా?” అన్నాడు.

“మీ ఎదురుగానే ఉందండి.”

అతను ఆమె వైపు మళ్ళీ చూడలేదు. నా తలుపు పిడి పట్టి లాగాడు. నా తలుపు లాగితే రాదు, కొంచెం పైకెత్తాలి. అరవై ఏళ్ళుగా ఇది తెలియనివాళ్ళు నాలోకి ఎక్కలేదు. అతను ఇంకా గట్టిగా లాగాడు. పిడి ఊడి చేతిలోకి వచ్చింది.

“ఇదేనా మీ నడుస్తున్న స్థితి?”

“అది కంపెనీదండి” అంది షమీమ్, జాలిగా.

అతనికి అర్థం కాలేదు. నా ఒళ్ళంతా అయస్కాంతం ఆనిస్తూ తిరిగాడు. పుట్టీ పెట్టిన చోట అది జారి పడాలి. ఎక్కడా పడలేదు. పడలేదని మొహం మాడ్చుకున్నాడు. ఎడమ మడ్‌గార్డు అడుగున గోటితో గీకి, అక్కడ సుత్తి దెబ్బల గుర్తులు చూసి హుషారయ్యాడు. ఆ తర్వాత బానెట్ తెరిచాడు. టార్చి వెలుగు కార్బురేటరు మీద ఆగింది. అందులోంచి ‘కా’ అతని కేసి చూసింది.

“ఇదేమిటి?”

“కార్బురేటరండి.”

“అది కనిపిస్తోంది. ఇది ఇత్తడి. ఇంగ్లండులో తెలుగు అక్షరాలు పొడుస్తారా?”

“మా నాన్న చేసేరండి. అది మా అమ్మ బిందె. కరిగించేసేరని అమ్మ వారం రోజులు మాట్లాడలేదు.”

“నీళ్ళ పంపు?”

“అదీ నాన్నే.”

“పిస్టన్లు? రేడియేటరు? ఈ మడ్‌గార్డు?”

“అన్నీ నాన్నే చేసేరండి. అందుకే కదా ఒరిజినల్ అని వేయించేం!”

ముందుగా విషయం అర్థమైంది ఇంతియాజ్‌కి. నుదురు పట్టుకుని నా ఫుట్‌బోర్డు మీద కూలబడ్డాడు.

“షమీమ్... ఒరిజినల్ అంటే?”

“అదేంటండీ, అలా అడుగుతారు? కంపెనీది అంటే కంపెనీ నుంచి వచ్చింది. డూప్లికేటు అంటే బజార్లో కొన్నది. ఒరిజినల్ అంటే కొలత తీసి, మన చేత్తో చేసింది. చిన్నప్పట్నుంచీ ఈ షెడ్డులో అంతే కదా. ‘కంపెనీది విరిగిపోయిందమ్మా, ఒరిజినల్ వేద్దాం’ అనేవారు నాన్న.”

“నేను కాలేజీలో పాఠం చెప్పేవాణ్ణి” అన్నాడు ఇంతియాజ్ నీరసంగా. “గీత కూడా గీశాను.”

చక్రవర్తికి నవ్వు రాలేదు. “మూడు వందల మైళ్ళు రప్పించి మోసం చేస్తారా? ఇది అబద్ధాల కారు!” అన్నాడు. అట్ట మీది కాగితంలో కసిగా రాయడం మొదలుపెట్టాడు. రాసేది పైకి చదువుతున్నాడు, ప్రతి మాటా మాకు తగలాలని. నీళ్ళ పంపు, ఒరిజినల్ కాదు. పిస్టన్లు, ఒరిజినల్ కాదు. స్టీరింగు పెట్టెలో పళ్ళచక్రం, ఒరిజినల్ కాదు. షమీమ్ ముందు పళ్ళు బిగించి వింది. పదో వస్తువు దగ్గర చేతులు కట్టుకుంది. ఇరవయ్యో దాని దగ్గర, “డైనమో బుష్షు వదిలేసేరండి, అది కూడా నాన్నదే” అని గుర్తు చేసింది. అతను కోపంగా అదీ రాశాడు. కాసిం చేసిన పనిని ఎవరైనా కాగితం మీద పెట్టడం అదే మొదటిసారి. మొత్తం నలభై మూడు. కింద సంతకం పెట్టాడు.

“మా సారు దగ్గరున్న బండికి ఇంజిను బాగుంది, బాడీ పుచ్చిపోయింది” అన్నాడు చివరికి. “దీన్ని విప్పి వాడుకుంటాం. లారీ తెప్పిస్తాను, మొత్తం ఎత్తుకుపోతాం.”

“మరి నాన్న చేసినవి?”

“ఆ చెంబులూ బిందెలూ మాకెందుకమ్మా? దారిలో ఇనప సామాన్ల వాడికి పడేస్తాం.”

నాకే గనక బ్రేకు వదులుకునే శక్తి ఉంటే, ఆ క్షణంలో ఆ మనిషి పాదాల మీదికి దొర్లేదాన్ని. షమీమ్ నా బానెట్ మీద చెయ్యి వేసింది. సోమవారం మూడు రోజుల్లో ఉంది. నన్ను మొత్తం నిలబెట్టుకునే చోటు ఆమెకి ఈ ఊళ్ళో లేదు. వద్దంటే నేను వానలో కుళ్ళిపోతాను, సరే అంటే వాళ్ళ నాన్న చెత్తలోకి పోతాడు. ఆమె ఉన్నట్టుండి తల ఎత్తింది.

“ఆ కాగితం ఇలా ఇవ్వండి.”

“ఎందుకు?”

“ఇందులో ఉన్నవి మీకు వద్దు. మీరే రాసేరు, సంతకం కూడా పెట్టేరు. అయితే అవి మాయి. కంపెనీవి మీరు పట్టుకెళ్ళండి, అద్దాలు, తలుపులు, లైట్లు, ఆ పిడి కూడా. ఒరిజినలు మాకు వదిలెయ్యండి.”

“ఇంజినంతా అందులోనే ఉంది కదా!”

“మీకు బాగున్న ఇంజిను ఉందన్నారుగా?”

అతను కాగితం ఇంకోసారి చూసి, ఆమె చేతిలో పెట్టాడు.

శనివారం, ఆదివారం షమీమే నన్ను విప్పింది. వేరేవాళ్ళని ముట్టుకోనివ్వలేదు. చక్రవర్తి కుర్చీలో కూర్చుని, ఏది ఎటు పోతుందో కాపలా కాశాడు. ఒక్కొక్క మరా ఊడుతుంటే నాకొక అనుమానం పట్టుకుంది. లారీ ఎక్కేది నేనా, మిగిలిపోయేది నేనా? ప్లీడరు గారు పట్టుకున్న తలుపు పట్టీ వెళ్ళిపోయింది. వార్‌బ్రిక్ అన్న బిళ్ళ వెళ్ళిపోయింది. బజ్జీ నూనె అంటిన సీటూ వెళ్ళిపోయింది, అది మాత్రం కాస్త బాధ కలిగించింది. లారీ కదిలింది. వంతెన ఎక్కి, దిగి, కనిపించకుండా పోయింది. నేను ఇంకా షెడ్డులోనే ఉన్నాను. ఇంతియాజ్ నన్ను తాళ్ళతో కడుతూ వేలు నలగ్గొట్టుకుంటున్నాడు.

ఇప్పుడు నేను ఇంజినూ రేడియేటరూగా మిగిలి, వాళ్ళ అద్దె వాటా వాకిట్లో చూరు కింద, టేకు దుంగల స్టాండు మీద ఉంటున్నాను. ఎడమ మడ్‌గార్డు తలకిందులుగా గోడవార ఉంది. ఇంతియాజ్ అందులో మట్టి నింపి పుదీనా వేశాడు. ఇంటావిడకి నేనంటే గిట్టదు. “ఈ ఇనప దిమ్మకి కూడా అద్దె ఇస్తారా ఏంటి?” అంటూ రోజూ నన్ను దాటి వెళ్ళి పుదీనా గిల్లుకుంటుంది.

నిన్న ఆదివారం, ఇద్దరికీ సెలవు. షమీమ్ డబ్బాలోంచి రబ్బరు గొట్టంతో పెట్రోలు పెట్టింది, రేడియేటరులో నీళ్ళు పోసింది, చీర కొంగు బిగించి హ్యాండిలు తిప్పింది. మొదటి రెండుసార్లూ దగ్గాను. మూడోసారి అందుకున్నాను. సైలెన్సరు కంపెనీది, లారీతో పోయింది, కాబట్టి వీధి వీధంతా లేచి కూర్చుంది. కిటికీలు అదిరాయి. ఇంటావిడ చేతిలో పుదీనాతో పరుగెత్తుకొచ్చి ఏవో తిట్లు తిట్టింది, ఒక్కటీ వినపడలేదు. గట్టు మీద టీ గ్లాసులు గలగలమంటూ అంచుకి జరుగుతున్నాయి. ఇంతియాజ్ రెండింటినీ రెండు చేతులతో పట్టుకుని, చేతుల మీద టీ ఒలుకుతున్నా వదలకుండా అరుస్తున్నాడు:

“ఆపకు షమీమ్! తుని దాకా పోనీ!”