ఊరికే

రెండు చెంపలకీ నురగ పట్టించి ఎడమ చెంప గీస్తున్నాడు క్షురకుడు. కుర్చీలో ఉన్న పెద్దాయన గడ్డం ముళ్లపంది వీపులా ఉంటుంది. నోరూ అంతే. వృద్ధాశ్రమంలో అందరూ ఆయన్ని ముళ్లపంది అనేవారు, ఎదురుగా మాత్రం కాదు. ఒకప్పుడు లారీ నడిపేవాడు. తాగి, ఇల్లాలిని కొట్టి, పిల్లల్ని గాలికొదిలేసి, చివరికి ఊపిరితిత్తులు పాడై చర్చి వాళ్ల పంచన చేరాడు.

క్షురకుడు వారానికోసారి వచ్చేవాడు. ఇన్నేళ్ల పనిలో ఒక్కరి చెవీ కోయలేదు గానీ, మనుషుల సంగతులంటే తన చెవి కోసుకుంటాడు.

"నలుగురిలో తిరిగేవాడివి, ఒక సంగతి తేల్చు," అన్నాడు పెద్దాయన.

సంగతల్లా సిస్టరమ్మ గురించే. రోజూ పొద్దున్నే ఆయన్ని శుభ్రం చేసి, గంజి తాగించి, దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు తాతా అని చెప్పి వెళ్తుంది. ఈయన ఊరుకోలేదు. గంజి ఆమె మొహాన కొట్టాడు. మొహం కడుక్కుని ఇంకో గిన్నె తెచ్చింది. బూతులు తిట్టాడు. వింటూనే దుప్పటి సర్దింది. ప్రార్థనకి రానని మొండికేస్తే రాకపోయినా పర్వాలేదంది. ఇలా కాదని, ఇప్పుడైనా అసహ్యపడుతుందేమో చూద్దామని, చేసిన పాపాలన్నీ ఏకరువు పెట్టాడు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. మర్నాడు మళ్లీ అదే మాట చెప్పింది.

"దేనికి ప్రేమిస్తున్నాడంటే ఊరికే అంటుంది. ఊరికే ఎవడిస్తాడయ్యా? ఏదో మతలబు ఉంది."

క్షురకుడికీ అదే అనుమానం. ప్రేమకైనా ఒక తూకం ఉండాలన్నది అతని పట్టు. కూతురు చెప్పకుండా పెళ్లి చేసుకున్నప్పుడు, వచ్చి తప్పయిందంటేనే గడప తొక్కనిస్తానని కబురు పెట్టాడు. ఆమె రాలేదు. ఇతను మెట్టు దిగలేదు. మధ్యలో భార్య వంటింట్లో కళ్లొత్తుకునేది.

ఎడమ చెంప పూర్తయ్యాక, నీళ్లు మార్చుకోవడానికి వెళ్తూ, వరండాలో దుప్పట్లు ఆరేస్తున్న సిస్టరమ్మని అడిగేశాడు. ముసలాయన మారతాడనేనా ఇదంతా?

ఆమె నవ్వింది. "మారితే సంతోషమే. మారకపోతే యేసయ్య ప్రేమ తగ్గదు కదా. ముందు మీరు మంచివాళ్లవండి, తర్వాత సిలువ ఎక్కుతానని ఆయన అనలేదు." తడి దుప్పటి దులిపి తీగ మీద వేసింది. "ఇవ్వడం ఆయనకేం కష్టం కాదు. ఊరికే పుచ్చుకోవడమే తాతకి కష్టంగా ఉంది."

ఆ మాటే నెమరేసుకుంటూ తిరిగొచ్చాడు. పెద్దాయన మెడ కాస్త వాలింది. కునుకు పట్టిందనుకుని గడ్డం పైకెత్తబోయాడు. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగల్లేదు.

సిస్టరమ్మ వచ్చి నాడి చూసింది. నుదుటి మీద చెయ్యి ఉంచి, పెదాలు కదిపి, డాక్టరుకి కబురు చేయడానికి వెళ్లింది.

కుడి చెంప మీద నురగ ఇంకా ఆరలేదు. వదిలేసి వెళ్లినా అడిగేవాడు లేడు. క్షురకుడు కొత్త బ్లేడు వేశాడు. బతికున్నవాడికి చేసినట్టే, ఎక్కడ తెగుతుందోనని చర్మం లాగిపట్టి మెల్లగా గీశాడు. పటిక రాశాడు. చెవుల వెనక కూడా తువాలుతో తుడిచాడు.

తర్వాత వరండాలోకి వెళ్లి కూతురికి ఫోన్ చేశాడు.

"తిన్నావామ్మా?"

"నాన్నా? ఏమైంది?"

"ఏం కాలేదమ్మా. ఊరికే చేశాను."

సామాను సర్దుకోవడానికి లోపలికొస్తే సిస్టరమ్మ మంచం మీద పక్క తీస్తోంది. తాత ఇన్నాళ్లూ చెప్పులతోనే పడుకునేవాడని మెల్లగా చెప్పింది. ఎప్పుడు పొమ్మంటారో, సిద్ధంగా ఉండాలి అనేవాడట. ఈ పొద్దున తనే పాదాలు చాపి, తీసెయ్యమ్మా అన్నాడట.

మంచం కింద, మడమల దగ్గర అరిగిపోయిన చెప్పులు, గోడవైపు తిరిగి పక్కపక్కనే ఉన్నాయి.