నాలుగుకి ముందు

చోడవరంలో మైకుసెట్టు సత్యారావు కొట్టులో కూర్చున్న సాయిరాం కాలు ఒక్క క్షణం ఊరుకోవడం లేదు. కుర్రతనంలో వాళ్ళ రాక్ బ్యాండు గోవాడ క్లబ్బులో వాయించినప్పుడు సత్యారావు రికార్డు చేసిన క్యాసెట్టు ఒక్కటే మిగిలింది. సాయిరాంవి డ్రమ్ములు, దేముడుబాబుది పాట. పోయిన నెల దేముడుబాబు పోయాడు. ఆ గొంతు కోసం సాయిరాం వెతకని చోటు లేదు.

“బేగి పెట్టన్నా!”

“ఆగరా బాబూ, పెడతన్నాను.”

క్యాసెట్టులో మైకు కీచుమంది. వెనకే దేముడుబాబు గొంతు వినిపించింది: “ఒరే సాయీ, నాలుగు లెక్కెట్టేదాకా ఆగరా. ఎప్పుడూ ముందే కొట్టెస్తావు. వన్... టూ... త్రీ...”

టక్కున సన్నాయి మేళం అందుకుంది.

“పాటలేవన్నా?” సాయిరాం లేచి నిలబడ్డాడు.

“పెళ్ళోళ్ళొస్తే బాక్సుల్లో మేళమే కదరా వినిపించాలి? మీ పాటల మీద ఎక్కించీసేను. ఈ ముక్క మైకు టెస్టింగుకి పనికొస్తాదని ఉంచేను.”

నోటిదాకా వచ్చిన బూతును సాయిరాం మింగేశాడు.

“మళ్ళీ పెట్టు.”

ఈసారైనా ఆగుదామనుకున్నాడు. దేముడుబాబు లెక్క మొదలెట్టాడు. త్రీ అనేసరికే సాయిరాం చెయ్యి బల్ల మీద దరువు కొట్టేసింది.