మూడు సెకన్ల మాట

"రోజూ సాయంత్రం కంటి ఆసుపత్రిలో నీకేం పని?"

నేను సింకు దగ్గర ఉన్నాను. చేతుల నిండా సబ్బు నురగ. మా ఆయన నా వెనక నిలబడి, తాగేసిన కప్పును నేను అప్పుడే కడిగి బోర్లించిన గిన్నెల పక్కన పెడుతూ అడిగారు. గొంతులో కోపం లేదు. అందుకే భయం వేసింది. కోపం వస్తే ఆయన అరుస్తారు, అరిచాక చల్లబడతారు. ఇలా మెత్తగా అడిగారంటే జవాబు ముందే దగ్గర పెట్టుకున్నారన్నమాట. కళ్ళు మంటగా ఉంటున్నాయండీ అన్నాను. పచ్చి అబద్ధం. "పదకొండు రోజులుగానా? రోజూ సరిగ్గా ఇరవై రెండు నిమిషాలా?" అన్నారు.

మీకెవరు చెప్పారని అడగాలన్న ఊహ కూడా రాలేదు నాకు, మొద్దు బుర్ర. దొంగతనం చేసి దొరికిపోయినదానిలా తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ నిలబడ్డాను. ముందు గదిలోంచి అత్తయ్య అందుకున్నారు. కళ్ళకేమైందమ్మా, నిన్న నాకు సూదిలో దారం నువ్వే ఎక్కించావుగా, అని. ఆవిడ తీరే అంత, పంచదార పూసి మరీ పొడుస్తారు. ఆయన చెప్పులేసుకుంటూ, సాయంత్రం అక్కయ్యను కూడా రమ్మన్నానని, అందరం కూర్చుని మాట్లాడుకుందామని చెప్పి వెళ్ళిపోయారు. నా ఇరవై రెండు నిమిషాల మీద పంచాయితీ అన్నమాట.

బస్సెక్కి కూర్చున్నాకగానీ బుర్ర పనిచేయలేదు. ఫోన్ తీసి సెట్టింగ్స్‌లోకి వెళ్ళాను. లోపలి పేజీలో, ఆరో వరుసలో, 'మనవాళ్ళు' ఆన్ చేసి ఉంది. పదకొండు రోజుల కిందట, ఉదయం ఏడూ నలభైకి. ఆ వేళకు నేను సింకు దగ్గరే ఉంటానని వేరే చెప్పాలా? నా ఫోన్ తాళం అంకెలు ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనవి ఎవరికీ తెలియవు. అడిగితే ఆఫీసు విషయాలుంటాయంటారు. నేను వెళ్ళేది ఆఫీసు కానట్టు.

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఎవరిని తిట్టను? అది ఆరో వరుసలో ఉండాలని తేల్చింది నేనే.

మాది ఫోన్లు తయారుచేసే కంపెనీ. ఫోన్‌కి కావలసిన అసలు సాఫ్ట్‌వేర్ దాదాపు అన్ని కంపెనీలకూ ఒకేలా వస్తుంది. దాని మీద ఎవరి తొడుగు వాళ్ళు తొడుక్కుంటారు. బొమ్మలు, అక్షరాలు, సౌకర్యాలు, అన్నీ వాడేవాళ్ళకు హాయిగా ఉండేలా. ఏ మీట ఎక్కడుండాలి, ఏ మాట తెర మీద ఎంతసేపు నిలవాలి అని తేల్చడం నా ఉద్యోగం, పదమూడేళ్ళుగా. వేళ్ళు వణికేవాళ్ళకు కూడా అందేటట్టు పెద్ద మీటలు పెట్టింది నేనే. కీబోర్డును ఒక పక్కకు జరిపి ఒంటిచేత్తో కొట్టుకునే ఏర్పాటూ నాదే. రెండో చేతిలో కాఫీ కప్పు పట్టుకున్నవాళ్ళ కోసం మాకు తట్టిన ఆలోచన ఇది అని మా మేనేజరు వేదికెక్కి చెప్పారు. ఆయనకు తట్టిందేమీ లేదు. చంకలో పిల్లనెత్తుకుని ఆఫీసు మెయిల్‌కి జవాబు కొడుతుంటే నాకు తట్టింది. చప్పట్లు మాత్రం కాఫీకి పడ్డాయి.

'మనవాళ్ళు' ఈ ఏటి కొత్త సౌకర్యం. ఇంట్లో ఒకరు 'పెద్ద' అవుతారు. మిగతావాళ్ళు ఎక్కడున్నారో, ఎక్కడ ఎంతసేపు ఆగారో ఆయన ఫోన్‌లో చుక్కలుగా కనిపిస్తుంది. మొదట్లో, మిమ్మల్ని ఫలానావారు చూస్తున్నారని తెలిపే చిన్న కన్ను బొమ్మ ఆ మిగతావాళ్ళ తెర మీద ఎప్పుడూ ఉండేది. అది చిరాగ్గా ఉందని, ఎవరో తలుపు సందులోంచి చూస్తున్నట్టుందని తొలి నమూనా వాడి చూసినవాళ్ళు ఫిర్యాదు చేశారు. ఫిర్యాదులు తగ్గించే పని నాకు అప్పజెప్పారు. నేను కన్ను తీసేసి, ఆన్ చేసినప్పుడు ఒకే ఒక్క వాక్యం, మూడు సెకన్లు కనిపించి మాయమయ్యేలా పెట్టాను. ఆపే మీటను ఆరో వరుసలోకి తోశాను. ఫిర్యాదులు ఒక్కసారిగా ఆగిపోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. చూపు ఆగలేదు, చూస్తున్నారని తెలియడం ఆగింది, అంతే. ఈ ముక్క అప్పుడు నాకెందుకు తట్టలేదో! తట్టే ఉంటుంది. మెప్పుదల ముందు మాట మింగేసి ఉంటాను.

మా దగ్గర ఒక పద్ధతుంది. కొత్త సాఫ్ట్‌వేర్ బజారులోకి వెళ్ళేముందు రెండు వారాలు మా ఇళ్ళలోనే వాడి చూడాలి. ఇంటి పరీక్ష అంటారు. మా ఇంట్లో మూడు ఫోన్లలోకీ దాన్ని ఎక్కించింది నేనే. ఇది ఎలా వాడాలో ఆయన పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పిందీ నేనే. నా గొయ్యి నేనే తవ్వుకోవడం అంటే ఇంతకన్నా ఏముంటుంది?

ఇక ఆసుపత్రి సంగతి. మా వీధికి రెండు స్టాపుల ముందు దిగితే కంటి ఆసుపత్రి వస్తుంది. వేచి ఉండే హాల్లో నీలం కుర్చీలు, గోడ మీద పెద్దవి చిన్నవై పోయే అక్షరాల పట్టిక, కళ్ళలో చుక్కలు వేయించుకుని తల వెనక్కి వాల్చిన ముసలివాళ్ళు. అక్కడ ఎవరూ ఎవరినీ చూడరు. చూసినా మసకగానే కనిపిస్తాం. ఒకసారి నిజంగా అద్దాల కోసం వెళ్ళి, నా వంతు వచ్చేలోగా అరగంట ఖాళీగా కూర్చున్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆ అరగంటలో నేను ఏమీ వెతికిపెట్టలేదు, వేడి చేయలేదు, గుర్తుచేయలేదు. బయటికొచ్చాక చూసుకుంటే మెడ నొప్పి లేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. అప్పటినుంచి రోజూ, తర్వాతి బస్సు వచ్చేదాకా. ఇదండీ నా రహస్యం. చెబితే నమ్ముతారా? ప్రియుడున్నాడంటే నమ్ముతారు. ఊరికే కూర్చున్నానంటే, ఇంట్లో కుర్చీలు లేవా అంటారు.

ఆఫీసులో మధ్యాహ్నం మూడింటికి ఆఖరి సంతకాల సమావేశం. తెరల పని నాది కాబట్టి నా సంతకం లేనిదే సాఫ్ట్‌వేర్ బయటికి వెళ్ళదు. ముందే మేనేజరు గదికి వెళ్ళాను. ఏ పనైనా ఒక్క నొక్కుతో అయిపోవాలని రోజుకు పదిసార్లు అంటారని ఆయనకు మేం ఒక్కనొక్కు గారని పేరు పెట్టుకున్నాం. కన్ను బొమ్మ మళ్ళీ పెడదామన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను జాలిగా చూశారు. మూడు వారాలు ఆలస్యమవుతుందన్నారు. దాన్ని తీయించిందీ మీరే, పొగిడించుకున్నదీ మీరే అన్నారు. అదీ నిజమే, తల దించుకున్నాను.

"అయినా మేడమ్, ఇంటి పరీక్షలో చుక్కలుగా ఉన్నవాళ్ళెవరైనా ఒక్కరు ఫిర్యాదు చేశారా? ఒక్కటి చూపించండి, ఇప్పుడే ఆపేస్తాను."

తెలిస్తే కదా సార్ చేసేది, అన్నాను. తెలియనప్పుడు బాధేముంది అని నవ్వారు. ఇదే మాట మా ఆయన కూడా అని ఉండేవారు, ఇదే నవ్వుతో.

మూడింటికి పొడవాటి బల్ల చుట్టూ పదకొండు మందిమి కూర్చున్నాం. ఒక్కనొక్కు గారు ఇంటి పరీక్ష అభిప్రాయాలను గోడ మీది తెర మీద వేశారు. వాటికి పేర్లుండవు, అంకెలే. చాలా బాగుంది, పిల్లలు బడి నుంచి బయల్దేరినట్టు తెలుస్తోంది, అమ్మ మందుల షాపుకు చేరిందో లేదో తెలుస్తోంది. అవన్నీ నిజమైన మంచి మాటలే, కాదనను. వింటుంటే సంతకం పెట్టేసి ఇంటికి పోదామనిపించింది. సాయంత్రం పంచాయితీలో ఏదో ఒక డాక్టరు చీటీ చూపించి గండం గట్టెక్కవచ్చు. ఆసుపత్రి మానేయవచ్చు. ఇలాంటి సర్దుబాట్లు నాకు వెన్నతో పెట్టిన విద్య.

అప్పుడు ఒక్కనొక్కు గారు, ఇది మాత్రం వినాలి అంటూ ముప్పై ఏడో అంకె చదివారు.

"చాలా ఉపయోగకరం. నా భార్య రోజూ ఇరవై రెండు నిమిషాలు కంటి ఆసుపత్రిలో గడుపుతున్నట్టు దీనివల్లే తెలిసింది. తనకు అనుమానం రాకుండా ఇంకా కొన్నాళ్ళు చూస్తాను. ఐదు నక్షత్రాలు."

బల్ల చుట్టూ నవ్వులు. డాక్టరు అందగాడేమో అన్నాడు కెమెరా పని చూసే అతను. ఆ అమ్మ పని అయిపోయింది పాపం అన్నారు ఇంకెవరో. నా పక్కన కూర్చున్న టెస్టింగ్ అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. కింద తేదీ ఉంది, నాలుగు రోజుల కిందటిది. నాలుగు రోజులుగా మా ఆయన నా చేత్తో పెట్టిన భోజనం తింటూ, రేపు ఏ చొక్కా వేసుకోనని అడుగుతూ, నా మీద నక్షత్రాలు ఇస్తున్నారు.

సంతకాల పలక చేతులు మారుతూ నా దగ్గరికొచ్చింది. వేలు పెట్టి గీస్తే చాలు. నోరు విప్పితే ఇప్పుడు నవ్విన వాళ్ళందరూ తిరిగి నన్ను చూస్తారు. సాయంత్రానికి ఇంటికీ చేరుతుంది, మగాడి పరువు ఆఫీసులో తీసిందని ఆడపడుచు లంకించుకుంటుంది. నోరు విప్పకపోతే వచ్చే నెలకల్లా ఎన్ని సింకుల దగ్గర ఎందరు వెనక్కి తిరిగి చూస్తారో! అందరికీ ఆపే మీటను నేనే ఆరో వరుసలో దాచిపెట్టి ఉంటాను.

పలకను బల్ల మధ్యలోకి తోసేశాను.

"నేను సంతకం పెట్టను సార్. కన్ను తెర మీద ఉండాలి. ఆపే మీట మొదటి వరుసలో ఉండాలి."

నవ్వులు ఆగాయి. ఒక్కనొక్కు గారు విసుగు దాచుకుంటూ ఫారం తెరిచారు. "అలా ఊరికే ఆపడానికి లేదు మేడమ్. ఫిర్యాదు చేసిన మనిషి ఎవరో ఇక్కడ రాయాలి. ఎవరని రాయను?"

"ముప్పై ఏడో అంకెలో ఉంది కదా, ఆ భార్య."

"ఆవిడెవరో మనకెలా తెలుస్తుంది? పైగా ఆవిడకే తెలియదాయె."

తల ఎత్తి ఆ ఫారం వైపు వేలు చూపించాను.

"రాసుకోండి సార్. ఆ భార్యను నేనే."