పేరు లేని కార్డు

మల్లీశ్వరి వికారాబాద్‌లో రైలెక్కేసరికే అలసిపోయి ఉంది. రెండేళ్లుగా ఆమె పని ఒక్కటే, పేరు లేని కార్డు. బ్యాంకులో డబ్బులు నింపుకుని దుకాణంలో మిషిన్‌కు ఆనిస్తే చాలు. దుకాణానికి ఎంత వచ్చిందో పన్నుల ఆఫీసుకు తెలుస్తుంది. ఇచ్చింది ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు, కార్డు తయారుచేసిన ఆమె కంపెనీతో సహా. ముందుగా తాండూరులో ఇరవై దుకాణాల్లో మిషిన్లు పెట్టి చూస్తున్నారు. మొదటి నెలలోనే మందుల దుకాణం వెంకటేశ్వర్ సేటు ఫోన్ చేశాడు.

మూడు వందల నలభై కొట్టాల్సిన చోట ఆయన మూడు వేల నాలుగు వందలు కొట్టాడు. కొన్నామె వారం తర్వాత కార్డులో ఎంత మిగిలిందో బ్యాంకులో చూపించుకుని తిరిగొచ్చింది. వాపసు చేద్దామంటే మిషిన్ కొన్నవాళ్ల దగ్గర మాత్రమే ఉండే రసీదు నంబరు అడుగుతోంది.

"తప్పు నాదే, ఇస్తనంటున్న. మీ మిషినే ఒప్పుకుంటలేదు," అన్నాడు సేటు, మల్లీశ్వరి దుకాణం మెట్లెక్కగానే. "చేతికి నోట్లిస్తే అమ్మకం గట్లనే ఉంటది. రాని పైసలకు నేను పన్ను కట్టాలె."

రసీదు నంబరు ఉండాలన్న షరతు పెట్టింది మల్లీశ్వరే. అది లేకపోతే ప్రతి దుకాణమూ ఉత్తుత్తి వాపసులు రాసి అమ్మకం తగ్గించుకోవచ్చు. కొన్నది ఎవరో తెలియనప్పుడు వాపసు నిజమో కాదో చెప్పేది రసీదు ఒక్కటే.

బెంచీ మీద కొంగు సర్దుకుంటూ ఆ కొన్నామె కూచుని ఉంది. పేరు దేవమ్మ, యాభై దాకా ఉంటాయి. బంట్వారం దగ్గర ఒక హాస్టల్లో వంట చేస్తుంది.

"రసీదు ఏం చేసినవమ్మా?" అని అడిగింది మల్లీశ్వరి.

"చింపి మోరిల ఏసిన."

"ఎందుకు?"

దేవమ్మ సేటు వైపు చూసింది. ఆయన అటు తిరిగి అట్టపెట్టెలు సర్దుకోసాగాడు.

"దాని మీద మందు పేరుంటది గద మేడమ్. నాకు ఫిట్సు. గోళీలు ఏస్కోవట్టి నాలుగేండ్లాయె, మళ్ల రాలే. అయినా ఎర్కైతే నన్ను పొయ్యికాడ ఉండనిస్తరా? అందుకే గింత దూరమొచ్చి కొంట. కార్డుల పేరుండదని బ్యాంకోళ్లు చెప్పిన్రు."

మల్లీశ్వరి బయటికొచ్చి హైదరాబాద్‌లోని పై అధికారి విజయ్‌కుమార్‌కు ఫోన్ చేసింది.

"కొన్నవాళ్ల ఫోన్ నంబరుకు ఒక గడి పెట్టండి. వాపసు గొడవే ఉండదు," అన్నాడాయన.

"అప్పుడు పేరు రాసుకున్నట్టే కదా సార్."

"పేరు గురించి మీరు తప్ప ఎవరు అడుగుతున్నారు మల్లీశ్వరీ? ఇప్పటికి ఆమె నంబరు తీసుకుని ఇది ముగించండి."

వాదించే ఓపిక లేకపోయింది. లోపలికి వెళ్లి నంబరు అడిగింది. దేవమ్మ లేచి నిలబడింది.

"ఫోను నా కొడుకుది. వానికి సుత ఎర్కలేదు. వద్దులే మేడమ్, పైసలు పోతే పోయినయ్."

పది రోజుల కూలి అది. దేవమ్మ మెట్లు దిగి రోడ్డు దాకా వెళ్లింది. సేటే వెనక్కి పిలిచి, గల్లా తీసి, నోట్లు చేతిలో పెట్టాడు. "నడు, బస్సు పోతది," అన్నాడు. ఆమె వెళ్లాక మల్లీశ్వరితో, "ఒక్కసారంటే చేసిన. దినాం నాతోని కాదు," అన్నాడు.

తిరుగు రైల్లో సీటు దొరకలేదు. తలుపు పక్కన ఒరిగి నిలబడి ఆమె విజయ్‌కుమార్‌కు రాసింది. చివరి పది కొనుగోళ్లను కార్డే గుర్తుపెట్టుకోవాలి. అదే దుకాణంలో మళ్లీ ఆనిస్తే 'ఇది నేను కొన్నదే' అని కార్డు చెప్పాలి, ఎవరిదో చెప్పకుండా. మొదట్లో తాను గీసిన నమూనాలో ఇది ఉండేది. చిప్పు ధర పెరుగుతుందని కొట్టేశారు. ఆఖరున, 'నంబరు గడే కావాలంటే ఇంకెవరితోనైనా పెట్టించుకోండి,' అని రాసింది.

వికారాబాద్ దగ్గరపడుతుండగా జవాబొచ్చింది. 'నెల రోజులు గడువిస్తాను. అదనంగా మనుషులను ఇవ్వలేను.'

ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాల్లో ఆమె రెండుసార్లు జ్వరపడింది, మూడుసార్లు విజయ్‌కుమార్‌తో మాటలు పడింది. దుకాణాల్లో పాతవాటికి బదులు ఇవ్వడానికి కొత్త కార్డులు సంచిలో వేసుకుని మళ్లీ తాండూరు వచ్చింది. పొద్దున కొత్త కార్డు తీసుకుని దగ్గు మందు కొన్నాయన ఆ మందు వద్దని తిరిగి తెచ్చాడు. కార్డు ఆనించాడు. డబ్బు వెనక్కి చేరింది, సేటు అమ్మకంలో అంత తగ్గింది. మిషిన్ ఎవరి పేరూ అడగలేదు.

"పని మంచిగైంది," అన్నాడు సేటు.

"దేవమ్మ వస్తోందా?"

"పోయిన నెల వచ్చింది. నోట్లిచ్చింది. కార్డుంది గదమ్మా అంటే, మళ్ల నంబర్ అడుగుతరేమో అన్నది."

మల్లీశ్వరి బెంచీ మీద కూచుంది. ఆ రోజు నంబరు అడిగింది తనే.

"ఈసారి వస్తే చెప్పండి, ఇక అడగరని."

"చెప్త. నమ్మాలె గద."

ఆమె సేటు తెప్పించిన చాయ్ తాగింది. ఇంకా పందొమ్మిది దుకాణాల్లో కార్డులు మార్చాలి. సంచి భుజానికి తగిలించుకుని పక్క దుకాణం మెట్లెక్కింది.